భాగస్థుని సొంత అప్పు, పొత్తు వ్యాపారము

ఎర్రగుంట్ల చుట్టుపట్ల నాపరాతి గనులును, బండలను కోసి నునుపుచేయు ఫ్యాక్టరీలును కలవు. అట్టి ఫ్యాక్టరీ నొకదానిని ముగ్గురు పొత్తుగా నడపుచున్నారనుకొందము. వారిలో నొకడు కుమార్తె వివాహమునకై తన పేరనే రెండు లక్షల రూపాయలు అప్పుచేసి, గడువునకు తీర్పలేకపోయెను. అప్పిచ్చినవాడు దావా వేసి డిక్రీ పొందెను. ఇప్పుడాతడు కోర్టు అమీనాను వెంటబెట్టుకొని వచ్చి, ఫ్యాక్టరీలోని కోతయంత్రమును జప్తు చేయింపవచ్చునా? తాము చేయని అప్పునకు తక్కిన యిద్దరి జీవనోపాధి పోవలసినదేనా? రేపు చదువు ముగించి వ్యాపారమునకు దిగబోవు మన విద్యార్థులును, వారి తలిదండ్రులును దీని నెఱుంగుట మేలని మేము తలంచుచున్నాము.

పూర్వము ఇంగ్లండు దేశమున ఇట్టి జప్తు సాగుచుండెను. ఒక భాగస్థుని సొంత బాకీకై అధికారి వచ్చి పొత్తు సరకునే పట్టుకొనువాడు. నిరపరాధులగు భాగస్థులు నష్టపడెడివారు. 1890వ సంవత్సరపు భాగస్వామ్య చట్టము ఈ పద్ధతిని తొలగించెను. మన దేశమున 1908వ సంవత్సరపు సివిలు ప్రొసీజరు కోడులో 21వ ఆర్డరు, 49వ రూలు ఇట్టి న్యాయమునే నెలకొల్పినది.

ఆ రూలు ప్రకారము, సంస్థపైన గాని, భాగస్థులపైన ఆ హోదాలో గాని పొందిన డిక్రీకి తప్ప పొత్తు ఆస్తిని జప్తు చేయరాదు, అమ్మరాదు. అయినను ఋణదాత వట్టి చేతులతో మరలిపోవలసిన పనిలేదు. అతడు దరఖాస్తు పెట్టుకొని, బాకీదారుని వాటాపై చార్జి పొందవచ్చును. ఆ దరఖాస్తు తక్కిన భాగస్థులకును అందవలయును. కోర్టు రిసీవరును నియమించి ఆ వాటాకు వచ్చు లాభమును వసూలు చేయింపవచ్చును, లెక్కలు తేల్పింపవచ్చును, కడకు వాటానే అమ్మింపవచ్చును. తక్కిన భాగస్థులు మాత్రము బాకీ చెల్లించి వాటాను విడిపించుకొనవచ్చును. అమ్మకమునకు వచ్చినచో తామే కొనవచ్చును. అట్లు చార్జి పడనిచ్చిన కారణముననే పొత్తును రద్దుచేయుమని దావా వేయుటకును 1932వ సంవత్సరపు భాగస్వామ్య చట్టము వారికి హక్కునిచ్చుచున్నది.

ఇక వాటా యనగానేమి? తెలుగునాట రెండు ఉమ్మడి కుటుంబములు చెరిసగము పాలుగా వడ్లు దంచించుట, వేరుసెనగకాయలు ఒలిపించుట మొదలగు పనులు నడపిరి. ఆ పొత్తును గూర్చిన వ్యాజ్యమున సుప్రీము కోర్టు 1966లో దీనిని విశదపఱచినది. పొత్తు సాగుచున్నంత కాలము ‘ఈ భూమి నాది, ఈ యంత్రము నాది’ యని ఏ భాగస్థుడును వేరుచేసి చెప్పజాలడు. అప్పటప్పటి లాభములో పాలును, పొత్తు విడిపోయిన పిమ్మట అప్పులు పోగా మిగిలిన విలువలో పాలును మాత్రమే అతనివి. సంస్థకు భూములున్నను ఆ వాటా చరాస్తియే. బాకీదారునకు లేని హక్కు అతని ఋణదాతకు ఎక్కడినుండి వచ్చును?

ఇంతమాత్రమున భాగస్థుని యిల్లు భద్రమని తలపరాదు. సంస్థ చేసిన అప్పునకు ప్రతి భాగస్థుడును పూర్తిగా పూచీ. రెండు తెగల అప్పులును ఉన్నప్పుడు, సంస్థ ఆస్తి మొదట సంస్థ అప్పులకును, సొంత ఆస్తి మొదట సొంత అప్పులకును పోవును. మిగులు రెండవ తెగకు చెందును.

ఈ పూచీకి హద్దు కోరువారికై ఇంగ్లండున 1907లో పరిమిత భాగస్వామ్య చట్టము వచ్చెను. పరిమిత భాగస్థుని వాటాపై చార్జి పడినంత మాత్రమున తక్కినవారు పొత్తును రద్దుచేయరాదని అది చెప్పుచున్నది. మన దేశమున 2008వ సంవత్సరపు పరిమిత బాధ్యత భాగస్వామ్య చట్టము సంస్థనే ఒక వ్యక్తిగా నెంచినది. అందు లాభపు హక్కును పరులకు బదిలీ చేయవచ్చును గాని, దానిని పొందినవాడు అందుమాత్రముచే యాజమాన్యమున కూర్చుండజాలడు, లావాదేవీల వివరములు కోరజాలడు.

కావున పొత్తు కలయుటకు ముందు పత్రము వ్రాసికొనుడు. ఎవరి వాటా యెంతయో తేటగా వ్రాయుడు. లెక్కలను ఏటేట సరిచూచుకొనుడు. పెండ్లి అప్పును ఫ్యాక్టరీ చిట్టాలోను, ఫ్యాక్టరీ అప్పును ఇంటి చిట్టాలోను కలుపకుడు. లెక్క తేటగానున్నచోట ఋణదాతకు తన సొమ్ము దక్కును. తోటివారి అన్నమును చెడదు.