ఆకు రాల్చిన మొక్క

మైపాటి రేవునకు కోసెడు దూరమున నున్న మా పెరటిలో, పోయిన మాఘమాసమున, ఒక బాదము మొక్కను మా చేతులతోనే పెఱికి పారవైచితిమి. ఆకులన్నియు రాలుటచే చచ్చినదని తలచితిమి. తీరా చూడగా వేళ్లు తెల్లగా, తడిగా నుండెను. ఆ పశ్చాత్తాపమే ఈ నాలుగు మాటలు వ్రాయించుచున్నది.

బాదము, రేల మున్నగునవి ఆకు రాల్చు జాతులు. రేలనే అమరకోశము ఆరగ్వధమనియు, రాజవృక్షమనియు పేర్కొన్నది. వానలు లేని దినములలో లోని తడిని కాపాడుకొనుటకై యివి ఆకులను విడుచును. పెద్ద చెట్టు మోడైనచో నెవ్వరును వెఱవరు. మూరెడు మొక్క మోడైనచో మనకు ధైర్యము చాలదు. కొందఱు కడవలకొలది నీళ్లు పోయుదురు. ఆకు లేని మొక్క త్రాగునది స్వల్పము. నీరు నిలిచినచో వేరు కుళ్లును.

చైత్రమున రేలయు మోడాయెను. దానిని గూడ పెఱుకబోవుచుండగా మా అత్తగారు చేయి పట్టుకొని, బెరడును గోటితో రవంత గీచి చూపిరి. లోపల పచ్చగా నుండెను. “అమ్మాయీ, నిద్రపోవుచున్నది, లేపకుము” అనిరి. మూడు వారములకు చిగిర్చెను.

నాటు కాలమును గూర్చి యొక మాట. ఇతర జిల్లాలవారు తొలకరికి నాటుదురు. మన నెల్లూరి తీరమున సగమునకు పైగా వర్షము అక్టోబరు, డిసెంబరుల నడుమనే కురియును గనుక, ఆశ్వయుజమున మొదటి మంచి వాన పడగానే నాటుట మేలు. రెండడుగుల గొయ్యి తీసి, ఇసుకలో చెరువు ఒండ్రును, చివికిన పేడయెరువును కలుపవలెను. సంచిలో చుట్టలు తిరిగిన వేళ్లను విడదీయవలెను. కాండము మొదలు మట్టిలో పూడరాదు. తూర్పు వైపున తాటాకు తడిక యుండినచో ఉప్పుగాలి తగులదు. బాదము ఉప్పునకు కొంత యోర్చును, రేల యోర్వదు.

తుపానులును ఆ ఋతువుననే వచ్చును. 1984 నవంబరులో శ్రీహరికోట చెంత తీరము దాటిన తుపానును మా అత్తగారు నేటికిని చెప్పుచుందురు. కావున ఊతకఱ్ఱ తప్పదు. అయినను కొబ్బరి త్రాటితో వదులుగా కట్టవలెను. కొంచెము ఊగిన కాండమే లావెక్కును.

పెఱికిన చోటనే ఈ యేడు మరల బాదము నాటితిమి. ఇపుడు దాని ఆకులెఱ్ఱబాఱి రాలుచున్నవి. మా చిన్నది వానిని లెక్కించి పుస్తకములో దాచుచున్నది. అత్తగారు మాత్రము మమ్ము నమ్మక, పెరటి తలుపునకు గడియ వేసియుంచిరి.