పాత ఏసీ మొరాయిస్తోందా? రిపేరా, కొత్తదా... ఇలా తేల్చుకోండి

మే నెల, మిట్టమధ్యాహ్నం. విజయవాడ నుంచి అమ్మ ఫోన్: "ఏసీ తిరుగుతోంది కానీ చల్లగాలి రావట్లేదురా." నాన్నకు బీపీ, పైగా మాది టాప్ ఫ్లోర్. వచ్చిన మెకానిక్ పది నిమిషాల్లో తేల్చేశాడు: "కంప్రెసర్ పోయింది సార్, 15 వేలవుతుంది. దానికంటే కొత్తది తీసుకోండి." ఆ వేడిలో ఎవరైనా సరే అనేస్తారు. అక్కడే మనం డబ్బులు పోగొట్టుకుంటాం.

ముందు తెలుసుకోవాల్సింది నిజంగా ఏ పార్టు పోయిందో. అవుట్‌డోర్ యూనిట్‌లో ఫ్యాన్ తిరుగుతూ, కంప్రెసర్ మాత్రం గుయ్‌మని ఆగిపోతుంటే చాలాసార్లు తప్పు కెపాసిటర్‌ది. పాత నాన్-ఇన్వర్టర్ ఏసీల్లో ఇది మామూలే. వందల్లో అయిపోయే పని. (మీరే విప్పి చూడకండి, కరెంట్ తీసేసినా అందులో చార్జ్ ఉంటుంది.) మా ఇంట్లోనూ రెండో మెకానిక్ వచ్చి మీటర్ పెట్టి చూస్తే తేలింది అదే. ఆ సాయంత్రానికే ఏసీ చల్లబడింది.

అలాగని పాతదాన్నే పట్టుకుని వేలాడమని కాదు. మాది 2013లో కొన్నది, పైగా రెండేళ్లుగా ప్రతి మార్చిలో గ్యాస్ నింపిస్తున్నాం. ఏసీలో గ్యాస్ పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదు, అది మూసి ఉన్న పైపుల్లోనే తిరుగుతుంది. తగ్గిందంటే ఎక్కడో లీక్ ఉన్నట్టే. లీక్ మూయకుండా గ్యాస్ నింపడమంటే చిల్లు కుండలో నీళ్లు పోయడమే.

మీ అవుట్‌డోర్ యూనిట్ స్టిక్కర్ మీద గ్యాస్ పేరు చూడండి. ఆర్22 అని ఉంటే కంప్రెసర్, కాయిల్ లాంటి పెద్ద రిపేర్లకు డబ్బు పెట్టకండి. ఓజోన్ పొరకు హాని చేస్తుందని మాంట్రియల్ ఒప్పందం కింద దాని వాడకాన్ని దశలవారీగా తగ్గిస్తున్నారు. ఆర్32 మెషీన్, వయసు ఐదారేళ్ల లోపు అయితే ముందు వారంటీ కార్డు వెతకండి. కంప్రెసర్‌కు పదేళ్ల వారంటీ ఉన్నా గ్యాస్, లేబర్ ఖర్చు చాలావరకు మనదే. ఆ మొత్తం ఎంతో అడిగాకే నిర్ణయం తీసుకోండి.

కొత్తదే కొనాలనుకుంటే అసలు లెక్క స్టార్లలో లేదు, స్టార్ లేబుల్ మీద ఉండే ఐఎస్ఈఈఆర్ నంబర్‌లో, ఏడాది యూనిట్లలో ఉంది. బీఈఈ ఈ స్టార్ల ప్రమాణాలను ఎప్పటికప్పుడు బిగిస్తూ ఉంటుంది, 2022 జులైలోనూ బిగించింది. అంటే పాత 5 స్టార్, కొత్త 5 స్టార్ ఒకటి కాదు.

లేబుల్ మీద యూనిట్లు ఏడాదికి 1,600 గంటల వాడకం లెక్కన వేసినవి. ఉదాహరణకు 3 స్టార్ మీద 1,000, 5 స్టార్ మీద 800 ఉందనుకుందాం. తేడా 200 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలైతే ఏడాదికి 1,600 ఆదా. 5 స్టార్ ధర 8,000 ఎక్కువైతే ఐదేళ్లలో తిరిగొస్తుంది. అదే మీరు వేసవి మూడు నెలలు, రాత్రి 8 గంటలే వేస్తే మొత్తం 720 గంటలే. ఆదా కూడా 720 రూపాయలే, అసలు రావడానికి పదకొండేళ్లు. అలాంటివాళ్లకు 3 స్టార్ చాలు. మార్చి నుంచి జూన్ దాకా పగలూ రాత్రీ నడిచే మా ఇంటికి మాత్రం 5 స్టారే కరెక్ట్. యూనిట్ రేటు మీ బిల్లులోని పై శ్లాబ్‌ది తీసుకోండి. ఏసీ వాడితే పెరిగే యూనిట్లు పడేది ఆ శ్లాబ్‌లోనే.

టన్నేజ్ కూడా గుడ్డిగా పెంచొద్దు. టన్ను అంటే సుమారు 3,500 వాట్ల చల్లదనం. మామూలు గది 120 చదరపు అడుగుల వరకు 1 టన్ను, 180 దాకా 1.5 టన్ను అనేది మోటు లెక్క. టాప్ ఫ్లోర్, పడమటి గోడ ఉంటే ఒక మెట్టు పైకి వెళ్లండి. అవసరానికి మించి పెద్దదైతే గది త్వరగా చల్లబడి కంప్రెసర్ ఆగిపోతుంది, గాల్లో తేమ మాత్రం అలాగే ఉంటుంది. మన కోస్తా ఉక్కపోతలో అది నరకం.

ఫిట్టింగ్ రోజు దగ్గరుండండి. పాత ఆర్22 రాగి పైపులకే కొత్త ఆర్32 మెషీన్ తగిలిస్తామంటే వద్దనండి. ప్రెషర్ ఎక్కువ, ఆయిల్ వేరు. నైట్రోజన్‌తో లీక్ టెస్ట్, తర్వాత పంప్‌తో వ్యాక్యూమ్ చేయమని అడగండి. ఆర్32కి కొద్దిగా మండే గుణం ఉంది కాబట్టి ఈ రెండూ తప్పనిసరి.

మేం కెపాసిటర్‌తో ఆ వేసవి గట్టెక్కి, అక్టోబర్‌లో కొత్తది కొన్నాం. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఏసీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. పన్ను కాకుండా 35,000 ఉన్న మోడల్‌పై అదే 3,500 తేడా. జీఎస్టీ తగ్గడం మన అదృష్టం, కానీ ఆగగలగడం చిన్న రిపేర్ ఇచ్చిన టైమ్ వల్లే. ఏసీ ఎండల్లో ఆగిందని ఆ రోజే కొనెయ్యకండి. ముందు రెండో మెకానిక్‌ను పిలవండి.