పాత సామానుల వర్తకము

అటకమీది కంచుగిన్నెను, అమ్మమ్మనాటి జరీచీరను చూచి, "పాతసామాను" అని తూకమునకు వేయువారు మనలో పెక్కుమంది కలరు. అట్టి వస్తువులనే కొని, బాగుచేయించి, విలువ యెరిగినవారికి అమ్ముచు మేము మూడేండ్లుగా నొక చిన్న వర్తకము సాగించుచున్నాము. మా వారు బడిపంతులు. ఇంటి వసారాయే మా అంగడి.

మొదట వస్తువును గుర్తెరుగవలెను. రాగియు తుత్తునాగమును కలిసినది ఇత్తడి. రాగియు తగరమును కలిసినది కంచు. కంచును మీటిన చాలసేపు మ్రోగును, జారిపడిన పగులును. ఇత్తడి సొట్టపడును. ఇత్తడిగిన్నెలో పులుసు కాచవలెనన్న లోపల కళాయి యుండవలెను. లేనిచో చిలుము విషమగును. కళాయి పోయినదానిని పోయినదని చెప్పియే అమ్మవలెను. మెరుగు విషయమున మేమొక తప్పు చేసితిమి. ఒక దీపపుసెమ్మెను చింతపండుతో తోమి తళతళలాడించితిమి. చూడవచ్చిన పెద్దమనిషి, "ఎన్నో యేండ్ల చేతి నునుపంతయు గీచివేసితిరే!" అని విడిచిపోయెను.

మేలిజరీ యనగా పట్టుదారముపై చుట్టిన వెండితీగకు బంగారుపూత. పాతజరీ కొనుటకు వీథులవెంట వచ్చువారు చీరను కాల్చి వెండిని తీసికొందురు. నేతపని బూడిదయగును.

1972 నాటి పురావస్తు చట్టమును కూడ తెలిసికొనవలెను. 100 ఏండ్లు దాటిన విగ్రహములు, నాణెములు, కళాఖండములు, 75 ఏండ్లు దాటిన విలువగల వ్రాతప్రతులు పురావస్తువులు. లైసెన్సు లేక వానితో వర్తకము చేయుట నేరము. అందుచేత దేవతావిగ్రహములను, తాళపత్రములను మేము గడప దాటనీయము. ప్రతివస్తువును ఎవరియొద్ద, ఏనాడు కొంటిమో పుస్తకమున వ్రాయుదుము.

ఇక మమ్ము నిద్రపోనీయని సంగతి. భర్తను కోల్పోయిన యొక యిల్లాలు తన పెండ్లిచీర తెచ్చి, "రేపటిలోగా పిల్లవాని పరీక్షరుసుము కట్టవలెను వదినగారూ, ఎంత యిచ్చినను సరే" అనెను. 2,000 రూపాయలిచ్చితిమి. 500 పెట్టి అంచు బాగుచేయించి 7,000లకు అమ్మితిమి. మా వారు లెక్కచూచి, "బేరము బాగున్నది" అనిరి. మాకు మాత్రము భారత శాంతిపర్వములోని తులాధారుడు జ్ఞప్తికి వచ్చెను. తపస్వియగు జాజలికే ధర్మము బోధించిన యా వర్తకుని త్రాసు అందరియెడను సమమైనది. మా త్రాసులో ఆమె తొందరయే మా లాభమైనది.

అమ్మిపెట్టిన కూలి యైదవవంతని యెంచితిమి. 7,000లలో 1,400 మాకు; బాగుచేసిన 500, ముందిచ్చిన 2,000 తీసివేయగా 3,100 ఆమెవి. మరునాడు పట్టుకొని పోతిమి. "అమ్మినది అమ్మినదే గదా" అని ఆమె చాలసేపు అందుకొనలేదు. లెక్క చదివి వినిపించిన పిమ్మటనే తీసికొనెను.

నాటినుండి మా అంగడిలో ఇదియే పద్ధతి. వస్తువునకు రసీదు వ్రాసియిత్తుము. అవసరమైనచో కొంత ముందిత్తుము. అమ్మిన ధర దాచము. లాభము తగ్గిన మాట నిజము. కాని యీ వీథిలో అటకలు తెరచి చూపుటకు మమ్ము పిలువని యిల్లు లేదు. గతమాసమున ఆ యిల్లాలే తన మేనత్తగారిని వెంటబెట్టుకొని వచ్చెను. ఆ పెద్దావిడ కొంగుచాటున నొక కంచుచెంబు కలదు.