జెట్ ఇంజనులో పళ్లచక్రాలు

పక్షివలె ఎగరాలన్నది మానవుని చిరకాల వాంఛ. 1903లో రైట్ సోదరులు దానిని నెరవేర్చారు. 1939లో జర్మనీలో తొలి జెట్ విమానం గాలిలోకి లేచింది. అప్పటినుండి తక్కువ ఇంధనంతో, తక్కువ శబ్దంతో నడిచే ఇంజను కోసం అన్వేషణ సాగుతూనే ఉంది.

నేటి ప్రయాణికుల విమానాలలో అధికభాగానికి టర్బోఫాన్ ఇంజనులుంటాయి. ముందున్న పెద్ద ఫ్యాన్ గాలిని లోనికి లాగుతుంది. అందులో కొంత కంప్రెసర్‌లో ఒత్తిడికి గురై, ఇంధనంతో కలిసి మండి, టర్బైన్‌ను తిప్పుతుంది. మిగిలినది మంటతో పనిలేకుండా చుట్టూ సాగి వెనుకకు పోతుంది. విమానాన్ని నెట్టే బలంలో అధికభాగం ఈ చల్లని గాలిదే. ఎక్కువ గాలిని తక్కువ వేగంతో నెట్టితే ఇంధనం ఆదా అవుతుంది, రొద తగ్గుతుంది. అందుకు ఫ్యాన్ పెద్దదిగా ఉండాలి.

ఇక్కడే చిక్కు వచ్చింది. సాధారణంగా ఫ్యాన్, దానిని తిప్పే టర్బైన్ ఒకే ఇరుసుకు బిగించి ఉంటాయి. పెద్ద ఫ్యాన్ వేగంగా తిరిగితే రెక్కల కొనలు ధ్వని వేగాన్ని మించి శక్తి వృథా అవుతుంది. కనుక అది నెమ్మదిగా తిరగాలి. టర్బైన్ మాత్రం వేగంగా తిరిగితేనే సమర్థంగా పనిచేస్తుంది. ఏనుగును, గుర్రాన్ని ఒకే కాడికి కట్టినట్లయింది!

దీనికి పరిష్కారం పళ్లచక్రాలు. నడిమి చక్రాన్ని టర్బైన్ తిప్పుతుంది. దాని చుట్టూ ఐదు చక్రాలు, వాటిని చుట్టి ఒక వలయచక్రం ఉంటాయి. వలయం ఫ్యాన్‌ను తిప్పుతుంది. టర్బైన్ సుమారు మూడు చుట్లు తిరిగితే ఫ్యాన్ ఒక చుట్టు తిరుగుతుంది.

చిన్న విమానాలలో ఈ పద్ధతి 1970లలోనే వచ్చింది. పెద్ద ఇంజనులో వేలాది అశ్వశక్తి ఆ పళ్లపై పడుతుంది. అందులో నూటికి ఒక వంతు వృథా అయినా తీవ్రమైన వేడి పుడుతుంది. నూనెతో దానిని చల్లార్చాలి. అమెరికాకు చెందిన ప్రాట్ అండ్ విట్నీ సంస్థ సుమారు రెండు దశాబ్దాలు శ్రమించింది. 2016 జనవరిలో ఆ ఇంజనుతో ఎయిర్‌బస్ ఏ320 నియో విమానం ప్రయాణికులను మోసింది. మునుపటి ఇంజనుల కంటే సుమారు 16 శాతం ఇంధనం ఆదా అవుతుందని సంస్థ తెలిపింది. అదే ఏడాది అది మన దేశానికీ వచ్చింది.

కాని 2023లో ఒక లోపం బయటపడి, తనిఖీల కోసం వందలాది విమానాలు నేలకు పరిమితమయ్యాయి. ఆ లోపం పళ్లచక్రాలలో లేదు. కొన్ని టర్బైన్ బిళ్లల తయారీకి వాడిన లోహపు పొడిలో చేరిన మాలిన్యంలో ఉంది. గొప్ప ఆలోచన ఒక్కటే చాలదు. దానిని మోసే ప్రతి చిన్న భాగమూ నిర్దుష్టంగా ఉన్నప్పుడే అది మానవాళికి మేలు చేస్తుంది.