అడాప్టరు కొనే ముందు



మా ఊరి భజన మందిరంలో ఒక పాత కీబోర్డు ఉండేది. శ్రీరామనవమికి ముందురోజు దాని అడాప్టరు పోయింది. కుర్రాళ్ళు ఎవరింట్లోనో మూలపడిన సెట్‌టాప్ బాక్సు అడాప్టరు తెచ్చారు. పిన్ను చక్కగా పట్టింది. స్విచ్చి వేస్తే కీబోర్డు పలకలేదు సరికదా, కాసేపటికి కమురు వాసన వచ్చింది. ఆ నవమి హార్మోనియంతోనే జరిగిపోయింది. రిపేరుకు మాత్రం కొత్త అడాప్టరు వెలకు ఎన్నో రెట్లు అయింది.

పిన్ను పట్టినంత మాత్రాన అడాప్టరు సరిపోయినట్టు కాదు. మరి ఏం చూడాలి? పాత అడాప్టరు మీద లేబులు ఉంటుంది. అది చెరిగిపోతే, పరికరం అడుగునో, పిన్ను గుచ్చేచోటో అవే వివరాలు రాసి ఉంటాయి. అందులో నాలుగు సంగతులు చూడండి.

మొదటిది, అవుట్‌పుట్ ఏ రకం కరెంటు? వంకర గీత ఉంటే ఎ.సి.; తిన్నని గీత, దాని కింద చిన్న చిన్న గీతలు ఉంటే డి.సి. ఒకదానికి బదులు మరొకటి పనికిరాదు.

రెండోది, వోల్టేజి. ఇది మేడ మీది నీళ్ళ ట్యాంకు ఎత్తు లాంటిది. ఎత్తు పెరిగితే ఒత్తిడి పెరుగుతుంది. 9 వోల్టుల పరికరానికి 9 వోల్టులే ఇవ్వండి. 12 ఇస్తే లోపలి భాగాలు కాలిపోవచ్చు.

మూడోది, ఆంపియర్లు. ఇది అడాప్టరు ఎంత ధార ఇవ్వగలదో చెప్పే లెక్క. పరికరం తనకు కావలసినంతే తీసుకుంటుంది. కనుక 1 ఆంపియరు కావలసినచోట 2 ఆంపియర్లది పెట్టినా నష్టం లేదు. తక్కువది పెడితేనే చిక్కు. అడాప్టరు వేడెక్కుతుంది, పరికరం ఆగి ఆగి నడుస్తుంది. 1000 మిల్లీ ఆంపియర్లు ఒక ఆంపియరు అని గుర్తుంచుకోండి.

నాలుగోది, మా కుర్రాళ్ళు చూడనిది, ప్లస్ మైనస్‌ల వరస. లేబులు మీద నడుమ చుక్క, దాని చుట్టూ అర్ధవలయం, అటూ ఇటూ ప్లస్, మైనస్ గుర్తులు ఉంటాయి. చుక్కకు ఏ గుర్తు కలిసి ఉంటే పిన్ను నడిమి భాగం అది. చాలా పరికరాలకు నడుమ ప్లస్ ఉంటుంది. పాత కాసియో కీబోర్డులు చాలావాటికి 9 వోల్టులు, నడుమ మైనస్. యమహా కీబోర్డులు చాలావాటికి 12 వోల్టులు, నడుమ ప్లస్. రెండూ కీబోర్డులే గదా అని మార్చి పెట్టకండి.

ఇక పిన్ను కొలత. బయటి మందం 5.5 మిల్లీమీటర్లే అయినా, లోపలి రంధ్రం 2.1 గానీ 2.5 గానీ ఉండవచ్చు. వదులుగా ఉంటే నిప్పురవ్వలు వస్తాయి. అందుకే పాతదాన్ని వెంట తీసుకెళ్ళి సరిచూసుకోండి.

విదేశాల్లో ఉన్న పిల్లలు పంపిన వస్తువైతే ఇన్‌పుట్ కూడా చూడండి. 100 నుంచి 240 వోల్టులు అని ఉంటే మన 230 వోల్టులకు ఇబ్బంది లేదు. 120 అని మాత్రమే ఉంటే మన ప్లగ్గులో పెట్టకండి.

కొనేటప్పుడు బి.ఐ.ఎస్. గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషను నంబరు ఉన్నాయేమో చూడండి. అరగంట వాడాక చేత్తో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు. చెయ్యి పెట్టలేనంత కాలితే వెంటనే తీసేయండి.

బళ్ళారిలో కొన్నా, హోసూరులో కొన్నా, బరంపురంలో కొన్నా, అంగట్లో మాట్లాడే భాష మారుతుందేమో గాని లేబులు మీది అంకెలు మారవు. ఆ నాలుగు సంగతులూ ఒక చీటీ మీద రాసుకుని అంగడికి వెళ్ళండి. చీటీ రాయడానికి అర నిమిషం చాలు.