మన ఊరి దారికి ఏ సైకిల్?

చదువుకునే రోజుల్లో సైకిల్ తొక్కి, పెళ్ళయ్యాక దాని మొహం చూడనివాళ్ళు మనలో ఎందరో! మళ్ళీ తొక్కాలనుందా? అయితే ముందు దారి చూసుకోండి, సైకిల్ సంగతి తర్వాత.

ఇందుకూరుపేటనే తీసుకోండి. నెల్లూరు నుంచి మైపాడు బీచికి పోయే తారురోడ్డు మీద రోడ్ బైకు హాయి. టైరు వెడల్పు 25 నుంచి 32 మిల్లీమీటర్లే, తేలిగ్గా సాగిపోతుంది. రోడ్డు దిగి రొయ్యల గుంటల గట్టెక్కారో, కంకరకి నడుం పట్టేస్తుంది! అక్కడ గ్రావెల్ బైకు నయం. టైర్లు 40 మిల్లీమీటర్ల పైన కూడా ఉంటాయి. గాలి కాస్త తగ్గిస్తే కుదుపు తగ్గుతుంది. పొడి ఇసుకలో మాత్రం ఏదైనా దిగి నెట్టాల్సిందే.

ఈ రెంటికీ వేలకు వేలు పొయ్యాలి. పైగా చైను కవరుండదు, శారీ గార్డుండదు. మరి చీరకట్టు సంగతేమిటి? మన పాత నల్ల సైకిల్ టైరు ఒకటిన్నర అంగుళం, అంటే 38 మిల్లీమీటర్లు. గ్రావెల్ బైకుకేం తీసిపోయింది చెప్పండి! బరువెక్కువే, గేర్లుండవు. అయినా మనది చదును నేలేగా.

ఈ వయసులోనా అంటారా? 1990ల మొదట్లో తమిళనాడు పుదుక్కోట్టైలో అక్షరాస్యత ఉద్యమంతోపాటు వేలాది పల్లె స్త్రీలు సైకిల్ నేర్చుకున్నారు. లేడీస్ సైకిళ్ళు చాలక జెంట్స్ సైకిళ్ళే తొక్కారు. ముందు కడ్డీ మీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చని కొందరికి అవే నచ్చాయట!

మైపాడు వైపు పొద్దున్నే బయల్దేరండి, మధ్యాహ్నమైతే సముద్రపు గాలి ఎదురు కొడుతుంది. ఇంటికి రాగానే చైను పొడిగుడ్డతో తుడిచి మెషిన్ ఆయిల్ వెయ్యండి. వంటనూనె వద్దు, జిగటై ఇసుకంతా పట్టేస్తుంది.