పొలములోని రాయి, కళాశాల దరఖాస్తు

వేసవి నడిమిలో మన కృష్ణగిరి సీమకు రెండు పంటలు ఒక్కసారే ఇంటికి వస్తాయి. ఒకటి మామిడి, రెండవది ప్లస్ టూ పరీక్షా ఫలితాలు. మామిడికి మండీలో ధర పలుకకపోతే కాయను గుజ్జు ఫ్యాక్టరీకి తోలి ఏదో సరిపెట్టుకుంటాము. పిల్లల చదువు విషయములో అట్లా సరిపెట్టుకోవడానికి వీలు లేదు గదా! ఆ పదిహేను ఇరవై దినాలలో మనము వేసే అడుగు వారి జన్మంతా వెంట వస్తుంది. క్రిందటి సంవత్సరము ఆ అడుగు వేయడములో మేము పడిన తబ్బిబ్బును, నేర్చుకున్న సంగతులను పాఠక సోదరీ సోదరులకు మనవి చేసుకుంటే కొందరికైనా ఉపకరిస్తుందని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మాది హోసూరు దగ్గర బాగలూరు దారిలోని పల్లె. తరతరాలుగా ఇంట్లో తెలుగు, అంగడిలో అరవము, సంతలో కన్నడము. మా మనవరాలు ప్రభుత్వ పాఠశాలలో అరవములో చదువుకున్నది. తెలుగు అక్షరాలు మాత్రము వాళ్ళ అవ్వ దగ్గర పలక మీద దిద్దుకున్నది. ప్లస్ టూ మంచి మార్కులతో గట్టెక్కింది. వెంటనే ఊరిలో ఇద్దరు ముగ్గురు వచ్చి, హోసూరు ఫ్యాక్టరీలలో ప్లస్ టూ పాసయిన ఆడపిల్లలను తీసుకుంటున్నారనీ, బస్సు వారిదే, హాస్టలు వారిదే, నెల తిరిగేసరికి జీతము చేతికి వస్తుందనీ చెప్పిపోయారు. మా అబ్బాయికి ఆ మాట నచ్చింది. తప్పేమున్నది? రెండేండ్లుగా గులాబీ తోట మీద పెట్టిన డబ్బు తిరిగి రాలేదు. ఇంటికి ఇంకొక సంపాదన అవసరమే.

పిల్ల మాత్రము, “నేను చరిత్ర చదువుతాను నాయనా” అన్నది.

ఇంటిల్లిపాదీ ఉలిక్కిపడ్డాము. ఇంజనీరింగు అన్నా, నర్సింగు అన్నా అర్థమయ్యేది. చరిత్ర అనే మాట ఎక్కడి నుంచి వచ్చిందో తరువాత తెలిసింది. మా పొలము గట్టున ఒక రాయి ఉన్నది. విల్లు పట్టిన వీరుడు, పక్కన ఆవులు, పైన రెండు వరుసల అక్షరాలు. పండుగనాడు పసుపు పూసి దండము పెట్టడమే తప్ప, అది ఎవరిదో, ఏమి వ్రాసి ఉన్నదో మా తాతలకూ తెలియదు, మాకూ తెలియదు. పాఠశాల వారు పిల్లలను కృష్ణగిరిలోని ప్రభుత్వ మ్యూజియముకు తీసుకొనిపోయినప్పుడు, అటువంటి వీరగల్లులే అక్కడ వరుసగా నిలబెట్టి ఉండడము మా పిల్ల చూచింది. పశువుల మందను కాపాడబోయి ప్రాణమిచ్చిన వారి జ్ఞాపకార్థము అట్లాంటి రాళ్ళు నిలిపేవారనీ, మన జిల్లాలో అవి విస్తారముగా ఉన్నాయనీ అక్కడ తెలుసుకొని వచ్చింది. “మన గట్టు మీది అక్షరాలు నేనే చదవాలి అవ్వా” అని అప్పుడే అన్నదట. అవ్వ మాకు చెప్పలేదు, అంతే.

“చరిత్ర చదివితే కూడు వస్తుందా?” అని మా అబ్బాయి అడిగిన ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబు వెదకుతూ మేము కొంత తెలుసుకున్నాము. భాష, చరిత్ర, గణితము, ప్రకృతి శాస్త్రము, అర్థశాస్త్రము — ఇవి ఒక్క వృత్తికి కట్టుబడిన చదువులు కావు. ఆలోచించడము, చదివినదానిని తూచడము, తెలిసినదానిని నలుగురికీ అర్థమయ్యేటట్లు చెప్పడము నేర్పే చదువులు. ఇందుకోసమే అమెరికాలో పల్లెటూళ్ళ నడుమ చిన్న చిన్న కళాశాలలు వెలిశాయి. అయోవా రాష్ట్రములో ఇప్పుడు మొక్కజొన్న పొలాల మధ్య ఉన్న గ్రిన్నెల్ కళాశాల 1846 లో పుట్టింది. కెంటకీ రాష్ట్రములో 1855 లో ఆరంభమైన బెరియా కళాశాల బీద పిల్లల దగ్గర బోధనా రుసుము తీసుకోదు. ప్రతి విద్యార్థీ వారములో కొన్ని గంటలు కళాశాలలోనే పని చేయాలి. అక్కడి దరఖాస్తులలో మార్కులు మాత్రమే అడగరు. “నీవెవరు, ఏమి తెలుసుకోవాలని వస్తున్నావు?” అని అడిగి వ్యాసము వ్రాయిస్తారు; పాఠము చెప్పిన గురువుల ఉత్తరాలు అడుగుతారు.

అంత దూరము పోనక్కరలేదు. మన మదనపల్లెలో అనీబిసెంటమ్మగారి చలువతో 1915 లో దివ్యజ్ఞాన కళాశాల వెలిసింది. 1919 లో రవీంద్రనాథ ఠాకూరు అక్కడ విడిది చేసి, ‘జనగణమన’ గీతాన్ని ఇంగ్లీషులోకి మార్చినది ఆ కళాశాలలోనే. అప్పటి ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్ గారి సతీమణి మార్గరెట్ గారు ఆ పాటకు స్వరము వ్రాసిపెట్టారు. ఒక చిన్న ఊరి కళాశాలకు అంతటి భాగ్యము పట్టింది!

మన తాలూకాకు కళాశాల ఆలస్యముగా వచ్చింది. హోసూరు దగ్గర తొరపల్లిలో 1878 లో పుట్టిన రాజాజీగారు పై చదువుకు బెంగుళూరు సెంట్రల్ కళాశాలకు, ఆపైన మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలకు పోవలసి వచ్చింది. ఆ రోజులలో బండి కట్టగలిగిన వారికే కళాశాల. ప్రభుత్వ ఆర్ట్సు కళాశాల కృష్ణగిరిలో 1964 లో ఏర్పడింది. అప్పటికి మనము సేలము జిల్లాలో ఉన్నాము. 1965 లో ధర్మపురి జిల్లా, 2004 లో కృష్ణగిరి జిల్లా అయ్యాము. ఇప్పుడు కృష్ణగిరిలో ఆడపిల్లలకు వేరుగా, హోసూరులో మరొకటిగా ప్రభుత్వ కళాశాలలు ఉన్నాయి. సేలములోని పెరియార్ విశ్వవిద్యాలయము పేరున పట్టము వస్తుంది. రాజాజీగారు ఊరు విడిచి పోవలసి వచ్చిన చదువు మన పిల్లకు బస్సు దూరములో ఉన్నదన్న మాట.

ఇక దరఖాస్తు సంగతి. ప్రభుత్వ ఆర్ట్సు, సైన్సు కళాశాలలన్నిటికీ కలిపి ఆన్‌లైనులో ఒకే దరఖాస్తు పద్ధతి 2020 నుంచి వచ్చింది. ఈ మధ్య సంవత్సరాలలో దరఖాస్తు రుసుము 48 రూపాయలు, నమోదు రుసుము 2 రూపాయలు. షెడ్యూల్డు కులాల, తెగల పిల్లలకు ఆ రెండు రూపాయలే. ప్లస్ టూలో మొత్తము 600 మార్కులైనా, భాషలు రెండూ తీసివేసి, తక్కిన నాలుగు సబ్జెక్టుల 400 మార్కుల మీదనే ఎక్కువ కోర్సులకు ర్యాంకు కడతారు. అరవము, ఇంగ్లీషు సాహిత్యము బి.ఏ. చదవదలచిన వారికి ఆయా భాషా మార్కుల మీద వేరే జాబితా. రాష్ట్రములో 69 శాతము సీట్లు రిజర్వేషను క్రింద పోతాయి గనుక కుల ధ్రువపత్రము అత్యవసరము. ముందు దివ్యాంగులకు, క్రీడాకారులకు, మాజీ సైనికుల పిల్లలకు ప్రత్యేక కౌన్సెలింగు జరిపి, తరువాత ర్యాంకు వరుసను అందరినీ పిలుస్తారు.

ఇది చదివితే ఎంత సులభము అనిపిస్తుంది! మేము రెండుచోట్ల బోల్తా పడ్డాము. రెండు తప్పులూ మావే.

మొదటిది పేరు. మన తెలుగువారికి ఇంటిపేరు ముందు, పేరు తరువాత. అరవనాట తండ్రి పేరులోని మొదటి అక్షరమే ఇనీషియలు. పాఠశాలలో చేర్చిననాడు తండ్రి పేరు అక్షరము పడింది. ఆధార్ కార్డు వ్రాయించిననాడు మేము అభిమానము కొద్దీ ఇంటిపేరు చెప్పాము. కుల ధ్రువపత్రములో మూడవ విధముగా ఉన్నది. ఒకే పిల్ల, కాగితాల మీద ముగ్గురు పిల్లలు! దిద్దించడానికి వారము పట్టింది. ఇంటిపేరు మన గుర్తు. దానిని వదులుకొమ్మని మేము అనము. అన్ని కాగితాలలోనూ ఒకే తీరుగా ఉండేటట్లు తొమ్మిదవ తరగతిలోనే చూచుకోండి అని మాత్రము అంటాము.

రెండవ తప్పు ఇంకా పెద్దది. దరఖాస్తు నింపడానికి బజారులోని నెట్ సెంటరుకు పోయాము. సెల్‌ఫోను నంబరు అడిగితే, మా ఫోను ఇంట్లో మరచి, ఆ కుర్రవానిదే వేయమన్నాము. అతడు మంచివాడే; కాని ఆ సీజనులో వందమంది దరఖాస్తులు నింపిన వానికి మన పిల్ల ఒక్కతే ఎట్లా గుర్తుంటుంది? ర్యాంకు వచ్చిన కబురు, కౌన్సెలింగుకు రమ్మన్న కబురు అన్నీ అతని ఫోనుకే పోయాయి. మాకు తెలిసేసరికి రెండు దినాలు దాటిపోయాయి. పిల్లకు పిలుపు వచ్చింది, పోయింది కూడా.

ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ అన్నము సహించలేదు. మా అబ్బాయి, “దేవుడే దారి చూపించాడు, ఫ్యాక్టరీకి పోనీయండి” అన్నాడు. పిల్ల ఏడవలేదు. పోయి పశువులకు మేత వేసి వచ్చింది. అప్పుడు వాళ్ళ అవ్వ, “నాయనా, నీవు ఎనిమిదిలో బడి మానినప్పుడు మేము అడ్డము చెప్పలేదు. అడ్డము చెప్పి ఉంటే బాగుండేదని నీవే ఎన్నిసార్లు అన్నావు? ఆ మాట ఈ బిడ్డ చేత అనిపించవద్దు” అన్నది. మా అబ్బాయి చాలా సేపు మాట్లాడలేదు. తెల్లవారి తనే మోటారు సైకిలు తీసి, పిల్లను వెనుక కూర్చోబెట్టుకొని కళాశాలకు పోయాడు. మిగిలిన సీట్లకు మరొక కౌన్సెలింగు ఉన్నదని అక్కడ చెప్పారు. ఆ దినము తెల్లవారుజామునే పోయి నిలబడ్డారు. చరిత్రలో సీటు దొరికింది.

భాష విషయము కూడా తెలుసుకొని ఉండడము మంచిది. డిగ్రీలో మొదటి భాగము భాష, రెండవ భాగము ఇంగ్లీషు, మూడవ భాగము ముఖ్య విషయము. మొదటి భాగములో అరవమే కాక తెలుగు మొదలైన భాషలు తీసుకొనడానికి నియమాలు ఒప్పుకుంటాయి. కాని చెప్పే అధ్యాపకులు ఆ కళాశాలలో ఉండాలి. కనుక చేరకముందే అడగాలి. వేరే భాష తీసుకున్నవారు, ప్లస్ టూ దాకా అరవము చదవని పక్షములో, నాలుగవ భాగములో ఆరవ తరగతి స్థాయి అరవము రెండు పేపర్లు చదవాలి. చదివిన వారికి పై స్థాయి అరవము ఉంటుంది. 2006 నాటి చట్టము పాఠశాలలలో అరవాన్ని మెట్టు మెట్టుగా తప్పనిసరి చేసినది మొదలు, తెలుగు పాఠము మన పిల్లలకు ఇంట్లోనే చెప్పుకోవలసిన పాఠమైనది. తెలుగు లోతుగా చదవదలచినవారికి డిగ్రీ తరువాత కుప్పములోని ద్రావిడ విశ్వవిద్యాలయము ఉన్నది. 1997 లో ఏర్పడిన ఆ సంస్థ వేపనపల్లి వైపు మనవారికి సేలము కంటె ఎంతో దగ్గర.

మరొకమాట. అత్తిబెలె దాటి సర్జాపురము వైపు పోతే అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయము ఉన్నది. అక్కడ ఇటువంటి చదువుకే ప్రవేశ పరీక్ష, ముఖాముఖి జరుపుతారు. కుటుంబ ఆదాయాన్ని బట్టి ఆర్థిక సహాయము చేస్తారు. మాకు ఆ సంగతి తెలిసేసరికి గడువు దాటిపోయింది. అటువంటి చోట్ల ప్లస్ టూ ఫలితాల దాకా ఆగరు. పరీక్షలకు ముందే దరఖాస్తు చేయాలి. ప్రభుత్వ పాఠశాలలలో ఆరు నుంచి ప్లస్ టూ దాకా చదివి కళాశాలలో చేరిన ఆడపిల్లలకు నెలకు వెయ్యి రూపాయలు ఇచ్చే ‘పుదుమై పెణ్’ పథకము 2022 లోను, మగపిల్లలకు ‘తమిళ్ పుదల్వన్’ 2024 లోను మొదలయ్యాయి. చేరిన దినమే కళాశాల కార్యాలయములో అడిగి కాగితాలు ఇవ్వాలి.

మా మనవరాలు ఇప్పుడు బస్సులో పోయి వస్తున్నది. ఇంటి ఖర్చు తగ్గలేదు. తోట ఇంకా అప్పులోనే ఉన్నది. ఆమె చదువు ముగిసేనాటికి ఏ ఉద్యోగము వస్తుందో మేము చెప్పలేము. మా అబ్బాయి ఫ్యాక్టరీ మాట ఎత్తడము మాత్రము మానివేశాడు. పోయిన ఆదివారము అవ్వా మనవరాలూ గట్టు మీది రాయిని నీళ్ళతో మెల్లగా కడిగారు. పిల్ల చాలా సేపు చూచి, ఒక అక్షరము మీద వేలు పెట్టి, “ఇది ‘క’ అవ్వా, మన ‘క’ లాగే ఉన్నది” అన్నది. తక్కినవి ఇంకా తెలియవట. మూడేండ్లున్నవి గదా!

మన సంఘము పెద్దలకు ఒక మనవి. ఫలితాలు వచ్చే వారములో ప్రతి ఆదివారము సంఘ కార్యాలయములో ఇద్దరు చదువుకున్న యువకులు ఒక కంప్యూటరు పెట్టుకొని కూర్చుంటే చాలును. కాగితాలలో పేర్లు సరిచూడడము, ఇంటివారి ఫోను నంబరే వ్రాయించడము, గడువులు గుర్తుచేయడము — ఇంతే పని. మా ఇంట్లో వచ్చినట్టి రాత్రి మరొక ఇంటికి రాకుండా ఉంటుంది.